తెరమీది బంతాట: జట్టు నడుపు పిల్లలకు కొన్ని మాటలు

కాలితో బంతిని తన్నకయే ఆడు బంతాట యొకటి ఉన్నది. దానిని ఆడువాడు పరుగెత్తడు, వానికి చెమట పట్టదు, మోకాలు దోకుకొనిపోదు. అతడు చేయునదెల్ల ఒక జట్టును నడుపుటయే. ఎవరిని ఆడింపవలెను, ఎవరిని కూర్చుండబెట్టవలెను, ఎవరికెంత జీతమీయవలెను, ఓడి వచ్చినవారితో ఏమి మాటలాడవలెను అను విషయములన్నియు అతని నెత్తిమీదనే ఉండును. ఆట మొదలైన పిమ్మట అతడు గట్టుమీద నిలిచి చూచువాడే. దీని పేరు ‘ఫుట్‌బాల్ మేనేజర్’. మన పాఠశాలలో తొమ్మిది, పది తరగతుల పిల్లలు కొందరు దీనిని ఆడుచున్నారు. ఒకరిద్దరికి బెంగళూరులో ఉద్యోగము చేయు అన్నల లాప్‌టాపులు దొరకినవి. తక్కినవారు ఫోనులో దొరకు చిన్న కూర్పుతో తృప్తిపడుచున్నారు.

గడచిన తల్లిదండ్రుల సమావేశమున ఒక తండ్రిగారు లేచి, “మావాడు రాత్రి పది గంటలకు కూర్చొని ఎవరెవరికో వారం జీతాలు లెక్క వేస్తుంటాడు, ఇదేమి ఆట అయ్యవారూ?” అని అడిగిరి. సభలో నవ్వులు వినవచ్చినవి. ప్రశ్న మాత్రము తోసిపుచ్చదగినది కాదు. ఆయనకు సమాధానముగను, కొత్తగా జట్టును చేతబట్టిన పిల్లలకు ఉపకరించునట్లును ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. ఈ ఆటను నేనును ఆడుదును. ఆదివారము మధ్యాహ్నము, వ్యాకరణపు కాగితములు దిద్దుట ముగిసిన తరువాత, రెండు గంటలు. అంతకు మించి కాదు.

ఆట పుట్టినది ఇంగ్లండులో. పాల్ కోలియర్, ఆలివర్ కోలియర్ అను అన్నదమ్ములు తమ యింటిలో కూర్చొని కల్పించిన యీ యాట 1992లో ‘ఛాంపియన్‌షిప్ మేనేజర్’ అను పేరుతో వెలువడెను. ప్రచురణకర్తలతో దారులు వేరైనప్పుడు పాత పేరు వారివద్దనే నిలిచిపోయినది. అన్నదమ్ముల సంస్థయైన ‘స్పోర్ట్స్ ఇంటరాక్టివ్’ 2004 నుండి నేటి పేరుతో ఆటను వెలువరించుచున్నది. 2003కు పూర్వము తెరమీద ఆటగాండ్రు కనబడెడివారు కారు. ఎవరు బంతిని ఎవరికందించిరో, ఎవరు గోలు చేసిరో అక్షరములలో వార్తవలె వచ్చెడిది. రేడియో ప్రక్కన కూర్చొని వ్యాఖ్యానము విన్న పెద్దలకు ఆ యానందమెట్టిదో తెలియును. 2025 పేరిట రావలసిన కూర్పు ఆ యేడు ఫిబ్రవరిలో రద్దయి, దాని తరువాతిది 2025 నవంబరులో వచ్చినది. అందులో మొదటిసారిగా స్త్రీల జట్లను చేర్చిరి. మన బాలికలు దీనిని గమనింతురు గాక.

ఈ ఆటలో తెలుగు లేదు. తెరమీద కనబడునదంతయు ఆంగ్లమే. కాని మన తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు తన జట్టు లెక్కలన్నియు తెలుగులో వ్రాసికొన్న నోటుపుస్తకము నొకదానిని నాకు చూపెను. మూడు లిపులు నేర్చుచు పెరుగు హోసూరు పిల్లవానికి ఏ లిపిలో వ్రాసికొన్నను పని జరుగును. వాడు తెలుగును ఎన్నుకొనెను. నా కీ వ్యాసము వ్రాయవలెనని తోచుటకు నిజమైన కారణమా పుస్తకమే. “స్కౌట్ అంటే తెలుగులో ఏమనేది అయ్యవారూ?” అని వాడడిగెను. శత్రురాజ్యముల జాడ తెలిసికొని వచ్చువారికి మన కావ్యములలో వేగులవారని పేరు. పరజట్ల ఆటగాండ్ర గుట్టు కనిపెట్టి వచ్చువానికి ఇంతకన్న తగిన పేరేమి? కాంట్రాక్టుకు ఒడంబడిక అంటిమి. ఫార్మేషనుకు మోహరింపు అంటిమి. లోను మీద వచ్చువాడు అరువు ఆటగాడు. ‘మొరేల్’ అను మాటకు నేను మనోధైర్యమని చెప్పితిని; వాడు తల గోకికొని, “హుషారు అంటే చాలదా?” అనెను. హుషారే నిలిచినది. గోలుకీపరుకు పేరు వెదకలేదు. ఆ మాట మన వీథులలో ఏనాడో కాపురముండి తెలుగైనది.

ఇక జట్టు విషయము. కొత్తవారు మొట్టమొదట చేయు పని, పేరుపొందిన పెద్ద క్లబ్బును ఎన్నుకొనుట. ధనము మెండు, ఆటగాండ్రు మేటివారు, కావున గెలుపు సులభమని వారి తలంపు. కాని పెద్ద క్లబ్బులో నీకు పైన నిర్వాహక వర్గమొకటి ఉండును. వారు కప్పు గెలువుమందురు. రెండవ స్థానమున నిలిచినను మొగము ముడుచుకొందురు. వరుసగా నాలుగాటలు ఓడినచో నిన్ను ఇంటికి పంపుదురు. ఇంగ్లండులో ఈ యాట ఆరవ శ్రేణివరకు దిగి ఆడనిచ్చును. అక్కడి క్లబ్బులలో పలువురు ఆటగాండ్రు పగలు వేరొక పని చేసికొని సాయంకాలము సాధనకు వచ్చువారు. మరీ అంత క్రిందికి దిగుమని కొత్తవారికి చెప్పను. మధ్య శ్రేణులలో, ‘క్రిందికి జారకుండ నిలిచిన చాలు’ నని నిర్వాహకులు కోరునట్టి క్లబ్బును చూచుకొనవలెను. నేను మాత్రము ఆరవ శ్రేణి క్లబ్బునే పట్టితిని. సంఖ్య తక్కువ, సొమ్ము తక్కువ, వచ్చి చూచువారు తక్కువ. తెలుగు మాధ్యమ పాఠశాలలో పనిచేయువానికి ఆ పరిసరములు బాగుగా ఎరిగినవే.

మొదటి వారమున ఏమియు మార్పవలదు. ఇది కొందరికి రుచింపదు. పాతవారినందరిని అమ్మివేసి కొత్తవారిని తెత్తుమని ఉబలాటపడుదురు. ముందు సహాయ నిర్వాహకుడు వ్రాసియిచ్చు నివేదికను చదువవలెను. ఏ స్థానమున ఎవరు మేలో, ఏ స్థానమున మనకెవరును లేరో అతడు చెప్పును. తరువాత ఆటగాని పుట తెరచి చూడవలెను. ఒక్కొక్క గుణమునకు 1 నుండి 20 వరకు అంకె వేయబడి ఉండును. బంతి నందించుట, ఒడిసిపట్టుట వంటివి నైపుణ్యములు. ముందుచూపు, నిబ్బరము, తెగువ, కలసి పనిచేయుట వంటివి మనోగుణములు. వేగము, బలము, దమ్ము దేహగుణములు. పిల్లలు వీనినన్నిటిని కూడి మొత్తమెక్కువ వచ్చినవానిని మేటి యని తేల్చుచున్నారు. అది సరికాదు. గోలుముందు నిలిచి కాచువానికి గోలుకొట్టు నేర్పు 4 ఉన్న నేమి, 14 ఉన్న నేమి? ఆ స్థానమునకు కావలసిన ఐదారు గుణములను మాత్రమే చూడవలెను. శ్రేణి దిగినకొలది దేహగుణములకు విలువ హెచ్చు. ఆరవ శ్రేణిలో వేగముగా పరుగెత్తువాడొకడున్నచో సగము పని జరిగినట్లే.

మరియొకటి. పుటలో కనబడని గుణములును కొన్ని ఉన్నవి. నిలుకడగా ఆడునా, మాటిమాటికి గాయపడునా, పెద్ద ఆటలో కాళ్ళు వణకునా అనునవి అంకెలలో కనబడవు. వేగులవాని మాటలలోనో, శిక్షకుని నివేదికలోనో సూచనగా తెలియును. పరజట్ల ఆటగాండ్ర సంగతి ఇంకను చీకటి. వేగులవాడు పోయి చూచి వచ్చువరకు అంకెల స్థానమున ఖాళీయే కనబడును. మార్కుల పట్టికను మాత్రమే చూచి పిల్లవానిని తూచు మనవంటివారు ఈ భాగమును రెండుమార్లు చదువవలెనని నా మనవి. ఉపాధ్యాయులతోను చెప్పుచున్నాను.

మోహరింపు విషయమున కొత్తవారు పుస్తకములు, చలనచిత్రములు చూచి మేటి జట్ల పద్ధతిని తెచ్చి పెట్టుదురు. మొదట మన కున్నవారెవరో చూచి, పిదప వారికి తగిన మోహరింపును ఎన్నుకొనవలెను. అంచులలో పరుగెత్తువారు లేనప్పుడు అంచులను నమ్ముకొన్న మోహరింపు వలన ఫలమేమి? కొత్తవారికి 4-4-2 అను పాత పద్ధతి చాలును. నలుగురు వెనుక, నలుగురు నడుమ, ఇద్దరు ముందు. దానిని పట్టుకొని కొంతకాలము ఓర్చుకొనవలెను. మోహరింపు జట్టునకు అలవడుటకు సాధనలో వారములు పట్టును. ఎంతవరకు అలవడినదో తెరయే చూపును. ఓడినప్పుడెల్ల మార్చినచో ఏదియు అలవడదు. 2025 నవంబరులో వచ్చిన కూర్పులో బంతి మనవద్ద ఉన్నప్పుడొక మోహరింపు, లేనప్పుడు వేరొక మోహరింపు పెట్టుకొను సదుపాయము కల్పించిరి. బాగుగనే ఉన్నది గాని, మొదటి యేడు రెండును ఒకటిగా ఉంచుకొనుటయే మేలు.

ఉన్నవారిని ఎరిగి వాడుకొనుట అనగా ఏమో తెలియవలెనన్న మనకు ఇంగ్లండు పోనక్కరలేదు. హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీం అను ఆయన ఉండెను. వృత్తిచేత బడిపంతులు. 1950 నుండి హైదరాబాదు నగర పోలీసు జట్టునకు శిక్షకుడై, 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు పర్యాయములు రోవర్స్ కప్పును గెలిపించెను. ఆయన శిక్షణలో భారతజట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును గెలిచెను. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచెను. సికింద్రాబాదు దాపున అమ్ముగూడలో పెరిగిన తులసీదాస్ బలరాం ఆయన చేతిలో తేలిన ఆటగాడే.

1962లో జకార్తా ఆసియా క్రీడల నాటికి రహీం గారికి కర్కటవ్యాధి సోకియున్నది. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓటమి. పిదప థాయిలాండుతో ఆడునప్పుడు వెనుకవరుసకు వెన్నెముక వంటి జర్నైల్ సింగుకు తల పగిలి కుట్లు పడినవి. వెనుక నిలిచి వచ్చిన బంతినెల్ల తలతో త్రోసివేయవలసినవానికి తలయే గాయపడినచో ఏమి చేయవలెను? మన పిల్లలలో ఎవరిని అడిగినను, కూర్చుండబెట్టి వేరొకనిని దింపుదుమనియే చెప్పుదురు. రహీం గారు అతనిని తీసికొనిపోయి ముందువరుసలో నిలిపెను. గోలు కాచువాడు గోలు కొట్టువాడయ్యెను. అతడు చిన్నతనమున ముందువరుసలో ఆడెననుట రహీం గారు మరువలేదు. దక్షిణ వియత్నాముతో జరిగిన ఉపాంత్య పోటీలో జర్నైల్ గోలు చేసెను. భారతజట్టు 3-2తో గెలిచెను. తుదిపోటీలో మరల దక్షిణ కొరియాయే ఎదురు నిలిచెను. పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి. 2-1తో స్వర్ణపతకము మనదయ్యెను. మరుసటి యేడు, 1963 జూనులో, రహీం గారు కాలధర్మము చెందిరి. 2024లో ఆయన జీవితముపై ‘మైదాన్’ అను హిందీ చలనచిత్రము వచ్చినది. కొందరు పిల్లలు చూచియే ఉందురు. ఈ ఆటలో ఒక్కొక్క ఆటగాడు ఏయే స్థానములలో ఆడగలడో చూపు బొమ్మ యొకటి పుటలో ఉండును. పచ్చగా వెలుగు స్థానమును మాత్రమే చూచి ఊరకొనక, పక్కన మసకగా ఉన్నవానిని కూడ చూడవలెనని చెప్పుట కింత కథ చెప్పవలసివచ్చినది.

సొమ్ము సంగతికి వత్తము. తండ్రిగారు అడిగిన వారపు జీతముల లెక్క ఇదియే. ఇంగ్లండులో ఆటగాండ్ర జీతము వారమునకు లెక్కింతురు. నిర్వాహకులు కొనుగోలుకు కొంత, జీతములకు కొంత కేటాయింతురు. ఒకదానినుండి రెండవదానికి కొంత మార్చుకొనవచ్చును. చిన్న క్లబ్బును ముంచునది కొనుగోలు కాదు, జీతము. కొనుగోలు ఒక్కనాటి వ్యయము. జీతము ఒడంబడిక తీరువరకు వారమువారమును తిరిగి వచ్చును. మూడేండ్ల ఒడంబడిక వ్రాసి యిచ్చునప్పుడు ఆ అంకెను నూటయేబదియారుతో హెచ్చవేసి చూచుకొనవలెను. మా నోటుపుస్తకపు పిల్లవాడు ఆ హెచ్చవేత ప్రతి పేరు ప్రక్కన వేసియుంచినాడు. వానికి లెక్కలలో వచ్చు మార్కులు ఏమంత గొప్పవి కావు. ఇచట మాత్రము తప్పు లేదు.

సొమ్ము లేనివానికి రెండు దారులున్నవి. ఒడంబడిక ముగిసినవారిని రుసుము లేకయే తెచ్చుకొనుట మొదటిది. ఇంగ్లండులో ఒడంబడికలు సామాన్యముగా జూను 30న ముగియును. ఒడంబడిక తీరినను పాత క్లబ్బుకు రుసుము చెల్లింపక కదలరాదను కట్టడి ఐరోపాలో ఒకప్పుడుండెను. జాన్ మార్క్ బోస్మన్ అను బెల్జియం ఆటగాడు న్యాయస్థానమున కెక్కి పోరాడగా 1995 డిసెంబరులో అది తొలగినది. రెండవది పెద్ద క్లబ్బుల కుఱ్ఱవాండ్రను అరువు తెచ్చుకొనుట. అరువు సొమ్ము బరువు చేటు అని మన సామెత. అయినను చిన్న క్లబ్బుకు అది లేక గడవదు. జీతములో కొంత పెద్ద క్లబ్బే భరించును. కాని జట్టునంతటిని అరువుతో నింపరాదు. ఏడాది తీరగానే వారందరును వెడలిపోవుదురు, మైదానము బోసిపోవును.

మూడవ దారి దూరపుది. ఏటికొకమారు, ఇంగ్లండులో మార్చి ప్రాంతమున, క్లబ్బు పాఠశాలలో తయారైన పదునాఱేండ్ల పిల్లలు వరుసగా వచ్చి నిలుతురు. వారిలో చాలమంది దేనికిని కొరగానట్లు కనబడుదురు. ఒకడో ఇద్దరో నిలుతురు. తొందరపడి అందరిని పంపివేయవలదు. మంచి మనోగుణములు గలవానిని, అంకెలు తక్కువైనను, మూడేండ్లు అట్టిపెట్టుకొని చూడవలెను. నా క్లబ్బులో ఇట్లు వచ్చిన ఎడమకాలి ఆటగాడొకడు నాలుగవ యేటికి జట్టునకు ఆధారమయ్యెను. అంతలో పై శ్రేణి క్లబ్బు అతనిని అడిగినది. నేను ఇచ్చివేసితిని. ఆపినచో వాని హుషారు చెడును, వచ్చిన రుసుముతో క్లబ్బు రెండేండ్లు బ్రతుకును. ఆ రుసుములో కొంత పిల్లల సాధనకు కేటాయింపుమని నిర్వాహకులను అడిగితిని, వారంగీకరించిరి.

ఇది వ్రాయుచుండగా మా ఆరవ తరగతి తలపునకు వచ్చుచున్నది. ఏటేట జూనులో మొదటి బెంచీ నిండును, రెండవది సగము నిండును. ఎనిమిదవ తరగతి దాటగానే చురుకైనవారు కొందరు బెంగళూరు ఆంగ్లపాఠశాలలకు పోవుదురు. వారిని తప్పుపట్టుటకు నాకు మనసురాదు. నేనును తెలుగు పండిత శిక్షణకై ఎల్ల దాటి ఆంధ్రదేశమునకు పోయినవాడనే. అక్కడి తోటివారు నా మాటలోని యాసను విని నీ దే దేశమని అడిగెడివారు. తిరిగి వచ్చితిని, అది వేరు సంగతి. పోవువారు పోగా, మిగిలినవారిని మిగిలినవారుగా చూడక, వీరే మన జట్టు అని చూచు నిర్వాహకుడు క్లబ్బునకు కావలెను. తల్లిదండ్రులు తమ బిడ్డను ‘ఇక్కడ వదలిపెట్టితిమి’ అని చెప్పుట నేను పలుమార్లు వినుచున్నాను. చేర్పించితిమి అనవచ్చును గదా.

హుషారు గురించి రెండు మాటలు. ఆటగాండ్రతో మాటలాడు వీలు ఈ ఆటలో ఉన్నది. ఆటకు ముందు, నడిమి విరామమున, ముగిసిన పిమ్మట మాటలాడవచ్చును. ఓడినంతనే అందరిమీద కేకలు వేయు పిల్లల జట్లు కార్తికము నాటికి కుప్పకూలుట చూచుచున్నాను. బలమైన జట్టు చేతిలో పోరాడి ఓడినప్పుడు కోపగింపరాదు. తేలిక జట్టుతో నిర్లక్ష్యముగా ఆడి గెలిచినప్పుడు మెచ్చుకొనరాదు. ఇంకొకటి, మాట యిచ్చునప్పుడు జాగ్రత్త. ‘నిన్ను ఈ యేడు విరివిగా ఆడింతును’ అని చెప్పి ఆడింపకున్నచో ఆ యంత్రము మరువదు. వాడొక్కడే అలుగుటతో పోదు, వాని స్నేహితులు కూడ అలుగుదురు. పిల్లలకు మాట యిచ్చి మరచు పెద్దలకు ఈ ఆట కొంచెము కష్టముగా తోచును.

అలసట సంగతి సులభము. అలసినవానిని దింపవలెను, ఐదుగురిని మార్చుకొను వీలున్నది, డెబ్బదియవ నిమిషము వరకు దానిని దాచిపెట్టుకొని కూర్చుండరాదు. పత్రికలవారితో మాటలాడుట, సాధన పట్టిక వ్రాయుట వంటి పనులు మొదటి యేడు సహాయకునికి అప్పగింపవచ్చును.

ఓడినప్పుడు ఆటను మూసివేసి, దాచిపెట్టిన పాత స్థితినుండి మరల తెరచి గెలుచువరకు ఆడు పద్ధతి యొకటి పిల్లలలో ఉన్నది. నే నడిగినప్పుడు, “తప్పేముంది అయ్యవారూ, ఎవరికీ నష్టం లేదు కదా” అనిరి. నష్టము లేని మాట నిజమే. కాని అట్లు ఆడువానికి తన జట్టు ఎందు కోడినదో ఎన్నడును తెలియదు. ఓడిన ఆటను మరల చూచుటకు ఈ యంత్రము వీలు కల్పించినది. బంతి ఏ ప్రక్కనుండి వచ్చి గోలులో పడుచున్నదో మూడు ఆటలు వరుసగా చూచినచో, చాలవరకు ఒకే ప్రక్కనుండి వచ్చుచుండును. అక్కడ నిలిచినవానిని మార్చవలెను. ఆ పిల్లలు ఇంకను ఒప్పుకొనలేదు, వాదము నడుచుచున్నది.

తల్లిదండ్రులకు చెప్పవలసినది కొంత ఉన్నది. ఈ ఆట కాలమును మ్రింగును. ఒక్క సంవత్సరపు పోటీలు ముగియుటకు పదుల గంటలు పట్టును. ‘ఇంకొక్క ఆట’ అనుచు పిల్లవాడు అర్ధరాత్రి చేయును. కావున గంటలతో గాక ఆటలతో కొలతపెట్టుడు: దినమునకు రెండాటలు, పరీక్షల నెలలో సున్న. ఫోనులో నాణెములు కొనిపించి ఆటగాండ్రను లాటరీవలె ఇచ్చు బంతాటలు వేరే ఉన్నవి. వానితో దీనిని కలిపి చూడవలదు, వానిమీద మాత్రము కన్నువేసి ఉంచుడు. ఈ ఆట ఆడినవాడు నిజమైన జట్టునకు శిక్షకుడగునా అని కొందరడిగిరి. బాల్యమున దీనిని ఆడిన విల్ స్టిల్ 2022లో, ముప్పదియేండ్ల ప్రాయమున, ఫ్రాన్సులోని రెంస్ క్లబ్బుకు శిక్షకుడయ్యెను. అత్యున్నత యోగ్యతాపత్రము లేనందున అతడు నడిపిన ఒక్కొక్క ఆటకు క్లబ్బు 25,000 యూరోల జరిమానా కట్టినది. కాని అతడు ఆటనుండి నేరుగా గట్టుమీదికి పోలేదు. ఇంగ్లండులో కళాశాలయందు శిక్షణ చదివి, బెల్జియములో దృశ్యములు పరిశీలించు చిన్న ఉద్యోగము చేసి, మెట్టుమెట్టుగా ఎక్కెను. మా పిల్లలు మొదటి వాక్యమును కంఠస్థము చేసిరి, కడపటిదానిని నేను గుర్తుచేయుచుందును.

నోటుపుస్తకములో ఇంకను ఖాళీగా ఉన్న గడులు కొన్ని ఉన్నవి. ‘ఆఫ్‌సైడు’ అను మాటకు మాకు తగిన తెలుగు దొరకలేదు. గీత దాటుట అన్నచో చెడుగుడులోని గీత తోచుచున్నది, అర్థము చెడుచున్నది. ఎదుటివాడు బంతిని పట్టగానే మీదికి మూగి ఊపిరాడనీయకుండ చేయు ‘ప్రెస్సింగు’ అను పద్ధతికి ‘ముసురు’ అని ఒకడు, ‘దడికట్టు’ అని యొకడు సూచించిరి. నాకు రెండును నచ్చినవి, కాని పిల్లలలో ఏకాభిప్రాయము లేదు. హోసూరు, డెంకణికోట వైపు పెద్దలెవరికైన పశువులను మళ్ళించునప్పుడో, చెడుగుడు ఆడునప్పుడో వాడిన మాటలు జ్ఞాపకమున్నచో పిల్లలచేత తెలుగు శాఖకు వ్రాసి పంపగోరుచున్నాను. శుక్రవారము ఏడవ పీరియడు మాకు ఖాళీ.